ఆప్-యాంప్ సంగతి తర్వాత, ముందు ఇన్‌పుట్ చూడండి

సీజెడ్‌టీ (కాడ్మియం జింక్ టెల్యూరైడ్ అనే సెమీకండక్టర్) డిటెక్టర్‌తో చిన్న గామా కెమెరా (గామా కిరణాలతో బొమ్మ తీసేది) చేస్తున్నానని, సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీయాంప్లిఫయర్‌లో నాయిస్ తగ్గాలంటే ఏ ఆప్-యాంప్ (యాంప్లిఫయర్ చిప్) కొనాలని అడిగారు. మంచిది ఏదైనా కొనండి, పెద్ద తేడా ఉండదు. డిటెక్టర్ పిన్ నుంచి మొదటి ఎఫ్ఈటీ (ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్) గేట్ దాకా ఉన్న ఆ కాస్త దూరంలోనే మీ నాయిస్ ఎంతో తేలిపోతుంది.

ఆసుపత్రి స్కాన్లలో వాడే టెక్నీషియం-99ఎం ఇచ్చే గామా శక్తి 140 కేఈవీ (కిలోఎలక్ట్రాన్‌వోల్ట్‌లు). సీజెడ్‌టీలో ఒక్కో ఎలక్ట్రాన్-హోల్ జంటకి సుమారు 4.6 ఈవీ ఖర్చవుతుంది కాబట్టి మీ చేతికొచ్చేది 30 వేల ఎలక్ట్రాన్లు, అంటే 5 ఫెమ్టోకూలంబ్‌లు. పాత యాంగర్ రకం గామా కెమెరాల్లో సోడియం అయొడైడ్ స్ఫటికం వెనక ఫొటోమల్టిప్లయర్ ట్యూబ్ ఉండేది, ప్రీయాంప్ దాకా రాకముందే సిగ్నల్‌ని లక్షల రెట్లు పెంచేది. సీజెడ్‌టీలో ఆ సాయం లేదు.

నేను పనిచేసిన ఒకచోట కోబాల్ట్-57 సోర్స్ పెట్టి స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎన్ని గామాలొచ్చాయో చూపే గ్రాఫ్) తీసేవాళ్ళం. పొద్దున 122 కేఈవీ పీక్ సన్నగా, నిటారుగా వచ్చేది. మధ్యాహ్నానికి అదే పీక్ లావెక్కి, పక్కనున్న 136 పీక్‌ని మింగేసేది. ఎండాకాలం కావడంతో అందరూ లీకేజీ కరెంట్ (గామా రాకపోయినా డిటెక్టర్‌లో కారే కరెంట్) అన్నారు, వేడికి లీకేజీ పెరుగుతుంది కాబట్టి ఆ మాటా సబబుగానే ఉంది. పైఆఫీసరైతే ఖరీదైన ఆప్-యాంప్‌లు ఆర్డర్ పెట్టేద్దామన్నారు. నాకెందుకో అనుమానం వచ్చి, ఒకరోజు పొద్దున్నే బోర్డు చల్లగా ఉండగానే, బాక్స్‌లో థర్మోస్టాట్ మీద తిరిగే ఫ్యాన్‌ని నేనే ఆన్ చేశాను. పీక్ లావైంది. ఆపితే సన్నబడింది. తర్వాత ఆసిలోస్కోప్ చూస్తూ, ప్లాస్టిక్ పట్టకారు కొసతో బోర్డు మీద ఒక్కోదాన్నీ మెల్లగా తడుతూ పోతే, హైవోల్టేజ్ ఫిల్టర్‌లోని సెరామిక్ కెపాసిటర్ దగ్గర స్క్రీన్ మీద గీత ఒక్కసారి ఎగిరింది.

అది ఎక్స్7ఆర్ రకం. దాని సెరామిక్ వణికితే చార్జ్ పుడుతుంది. దానికితోడు 500 వోల్టుల వైరు ఇన్‌పుట్ పక్కనుంచే వెళ్తోంది. ఆ వైరుకీ ఇన్‌పుట్‌కీ మధ్య కెపాసిటెన్స్ 0.00001 పికోఫారడ్ మారినా 5 ఫెమ్టోకూలంబ్‌లు, అంటే అసలు గామా ఇచ్చేంత చార్జ్! ఇలాంటి వణుకు నెమ్మదిది కాబట్టి షేపర్ (ప్రీయాంప్ తర్వాత పల్స్‌ని మలిచే ఫిల్టర్) చాలావరకు ఆపుతుంది గానీ, వచ్చేది అంత పెద్దదైనప్పుడు జారిపోయిన కాస్తా చాలు పీక్ పాడవడానికి. ఫిల్మ్ కెపాసిటర్ వేసి, వైరుని కదలకుండా బిగించి, ఫ్యాన్ కింద రబ్బరు పెట్టాం. మధ్యాహ్నం కూడా 136 విడిగా కనబడింది. ఆప్-యాంప్ మాత్రం పాతదే.

ఇవేవీ సిమ్యులేటర్‌లో కనబడవు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో యాంప్లిఫయర్ పాఠం గెయిన్, బ్యాండ్‌విడ్త్ దగ్గరే అయిపోతుంది, నాయిస్ చివరి యూనిట్‌లో ఉంటుంది కాబట్టి టైమ్ లేదని వదిలేస్తారు. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లల్ని నాయిస్ ఎన్ని ఎలక్ట్రాన్లకి సమానం అని అడిగితే మొహం చూస్తారు, ఎవరూ చెప్పకపోతే వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది? ఇక ఈ పనికి చక్కగా సరిపోయే బీఎఫ్862 అనే జేఎఫ్ఈటీ (ఒక రకం ఎఫ్ఈటీ) తయారీ ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధే.

మీ బోర్డు విషయానికొస్తే, బయాస్ రెసిస్టర్ (డిటెక్టర్‌కి వోల్టేజ్ అందించేది) ఎంత పెట్టారో ముందు చూడండి. 100 మెగాఓమ్ రెసిస్టర్ అరనానోయాంప్ లీకేజీ ఇచ్చేంత నాయిస్ ఇస్తుంది, 1 మెగాఓమ్ పెడితే అది 50 నానోయాంప్‌లతో సమానం, ఇక ఆ డిటెక్టర్ ఎంత మంచిదైనా లాభం లేదు. టంకం పెట్టాక ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టండి, వానాకాలంలో ఆ జిగురు తేమ పట్టిందంటే ఇన్‌పుట్ దగ్గర లీకేజీ అక్కడే మొదలవుతుంది. ఇన్‌పుట్ ట్రాక్ పొట్టిగా ఉంచండి, ఎందుకంటే పెరిగే ప్రతి పికోఫారడ్‌తో సిరీస్ నాయిస్ (మొదటి ఎఫ్ఈటీ సొంత నాయిస్) పెరుగుతుంది. దాన్ని తగ్గిద్దామని షేపింగ్ టైమ్ (షేపర్ ఒక్కో పల్స్‌కి తీసుకునే సమయం) పెంచితే ఈసారి లీకేజీ నాయిస్ పెరుగుతుంది, అందుకే ఆ రెండూ సమానమయ్యే చోటు మీ బోర్డు మీద కొలిచి పట్టుకోవాల్సిందే.

డిటెక్టర్ కెపాసిటెన్స్, లీకేజీ కరెంట్ ఎంతో కామెంట్‌లో పెట్టండి, షేపింగ్ టైమ్ ఎక్కడ మొదలుపెట్టాలో లెక్కేసి చెప్తాను.