మోటార్లు విప్పే పిల్లవాడికి ఏ బ్రాంచి తీసుకోవాలి?

మీ అబ్బాయి ఈ ఏడాది ఎంపీసీ పూర్తి చేశాడని, ఈఏపీసెట్‌లో నలభై వేల దరిదాపుల్లో ర్యాంకు వచ్చిందని, బంధువులందరూ కంప్యూటర్ సైన్సే పెట్టమంటున్నారని, పిల్లవాడు మాత్రం పాడైన మోటారు కనబడితే విప్పకుండా ఉండలేడని కందుకూరు నుండి రాశారు. మంచి జీతమూ, చేసే పనిలో తృప్తీ రెండూ దక్కే బ్రాంచి ఏదని మీ ప్రశ్న. మాది కావలి దగ్గర పల్లె. 2008లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాను. విద్యుత్ కేంద్రాల్లో, సబ్‌స్టేషన్లలో టెస్టింగ్, కమిషనింగ్ (కొత్త పరికరాలను పరీక్షించి మొదటిసారి నడిపించడం) పని చేస్తున్నాను కాబట్టి నా అనుభవంలో ఉన్నంతవరకు చెబుతాను.

మా నాన్నగారు రొయ్యల చెరువులు చేసేవారు. రాత్రిపూట చెరువు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కనుక నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక రాత్రి మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. మోటార్లు ఆగిపోయినా బాగుండేది. అవి మిగిలిన రెండు ఫేజుల మీదే మూలుగుతూ తిరిగి, ఎక్కువ కరెంటు లాగి, తెల్లవారేసరికి నాలుగు మాడిపోయాయి. వైండింగ్ షాపులో మేస్త్రీ ఒక మోటారు మూత తీసి నాకు లోపల చూపించాడు. రెండు ఫేజుల తీగ చుట్టలు బొగ్గులా నల్లబడి ఉంటే, మూడో ఫేజు చుట్టలు కొత్త రాగిలా మెరుస్తున్నాయి. అవి ఎందుకు మాడలేదన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో ఎలక్ట్రికల్ అడగడానికి నాకున్న కారణం అదొక్కటే.

అయినా చివరి సంవత్సరంలో అందరిలాగే నేనూ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన క్యాంపస్ ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఆ ఏడాది మాంద్యం వచ్చింది. చేరవలసిన తేదీ వాయిదా మీద వాయిదా పడి, చివరికి ఆ ఆఫర్ లెటర్ కాగితంగానే మిగిలిపోయింది. కొంతకాలం ఖాళీగా ఉన్న తరువాత, కృష్ణపట్నం దగ్గర నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లతో థర్మల్ కేంద్రం కడుతున్న రోజుల్లో, ఒక కాంట్రాక్టరు దగ్గర నెలకు ఎనిమిది వేలకు చేరాను. అక్కడ మొదట నేర్పిన పని పెద్ద కరెంటును కొలవడానికి వీలుగా తగ్గించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల పోలారిటీ, అంటే కరెంటు దిశ, చూడడం. తొమ్మిది వోల్టుల బ్యాటరీని ప్రైమరీకి (కరెంటు వచ్చే వైపుకు) ఒక్క క్షణం తాకించి, సెకండరీకి (తగ్గిన కరెంటు ఇచ్చే వైపుకు) కట్టిన మీటరు ముల్లు కుడికి కొడుతుందా, ఎడమకు కొడుతుందా అని చూసి రాసుకోవాలి. చూడడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఒక్కటి తలకిందులుగా కలిపితే, మామూలు లోడునే లోపమనుకొని లోపలికి వెళ్లే కరెంటునూ బయటికి వచ్చే కరెంటునూ పోల్చి చూసే డిఫరెన్షియల్ రిలే అంత పెద్ద యంత్రాన్నీ ఆపేస్తుంది. ఆ సంగతి అర్థమైన రోజున, ఇది నా పని అని నాకు తెలిసింది.

జీతం విషయం దాచడం న్యాయం కాదు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన నా తోటివారి జీతంలో సగం కూడా నాకు ఆరేళ్లపాటు రాలేదు. లోపాన్ని కనిపెట్టి యంత్రాన్ని ఆపే ప్రొటెక్షన్ రిలేల సెట్టింగులు సొంతంగా లెక్కకట్టి, పరీక్షించి, సంతకం పెట్టగలిగే స్థాయికి వచ్చాకే నా జీతం పెరిగింది. ఆ పని తెలిసినవారు తక్కువ కనుక ఆ తరువాత వేగంగానే పెరిగింది. ఏ బ్రాంచిలోనైనా మంచి జీతం అటువంటి లోతైన నైపుణ్యానికే వస్తుంది. ఇష్టం లేనివారు ఆ లోతు దాకా ఓపిక పట్టలేరని నేను గట్టిగా నమ్ముతాను.

కంప్యూటర్ సైన్స్ మంచి బ్రాంచే. అయితే పెద్ద సర్వీసు కంపెనీలు వందల మందిని ఒకేసారి తీసుకొనే ఉద్యోగాల్లో మొదటి జీతం సంవత్సరానికి మూడు, మూడున్నర లక్షల చుట్టూనే ఏళ్ల తరబడి ఉండిపోయింది. అందులో పెద్ద జీతాలు అందుకొనేవారు ప్రోగ్రామింగ్ మీద నిజమైన ఆసక్తితో రాత్రింబవళ్లు సాధన చేసినవారు. మీవాడికి ఆ ఆసక్తి ఉందో లేదో ఈ సెలవుల్లోనే తేలిపోతుంది: పైథాన్ నేర్చుకోమనండి, నెల తరువాత ఎవరూ చెప్పకుండానే ఏదైనా రాస్తున్నాడేమో చూడండి.

ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వారికి మరో దారి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఇంజనీరు ఉద్యోగాలకు యూపీఎస్సీ జరిపే ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష ఈ నాలుగు విభాగాలకే జరుగుతుంది. అందులో కంప్యూటర్ సైన్స్ పేపరు లేదు. ఇంజనీరింగ్ చదివినవారు రాసే గేట్ పరీక్ష స్కోరుతో ఎన్‌టీపీసీ, పవర్ గ్రిడ్ వంటి కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థల్లో చేరవచ్చు. ఎన్‌టీపీసీలో ఎగ్జిక్యూటివ్ ట్రైనీ మూలవేతన శ్రేణి నెలకు 40,000 నుండి 1,40,000 రూపాయలు. సివిల్ వారికి వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు సొరంగాల వంటి పనులు మన పక్కనే ఉన్నాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలను చూస్తూ పెరిగిన మన పిల్లల్లో మైనింగ్ ఇంజనీరింగ్ గురించి ఆలోచించేవారు చాలా తక్కువ. ఆ చదువు తరువాత గనుల భద్రతా డైరెక్టరేట్ పరీక్ష రాసి మేనేజర్ సర్టిఫికెట్ సంపాదిస్తే, చట్టప్రకారం గనికి ఆ అర్హత ఉన్న మనిషి తప్పనిసరి కనుక దానికి విలువ తగ్గదు. కాకపోతే అది ఎండలో, దుమ్ములో, ఇంటికి దూరంగా చేసే పని.

కాలేజీకి వెళ్లినప్పుడు అత్యధిక ప్యాకేజీ ఎంత అని అడగకండి. ఆ బ్రాంచిలో ఎంతమంది ఉన్నారో, అందులో ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో, మధ్యస్థంగా ఉన్నవారి జీతమెంతో అడగండి. ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబు తెరిపించి, మోటార్ల మీద దుమ్ము ఉందేమో మీ వేలితోనే చూడండి. వెబ్ ఆప్షన్లలో వరుస చాలా ముఖ్యం: మీ ర్యాంకుకు పైనుండి మొదట ఏది అందితే అదే సీటు ఇస్తారు కాబట్టి, నిజంగా కోరుకున్నది రాదేమోనన్న భయంతో కిందికి నెట్టకండి.

ఆప్షన్లు పెట్టే ముందు మీ అబ్బాయిని ఒక వారం రోజులు ఊళ్లో వైండింగ్ షాపులో కూర్చోబెట్టండి, వీలైతే విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడిగి దగ్గరలోని సబ్‌స్టేషన్ కూడా చూపించండి. ఆ తరువాత స్టార్‌లో (మూడు చుట్టల చివరలు ఒకచోట చేరేలా) కలిపిన మోటారుకు ఒక ఫేజు పోతే రెండు చుట్టలే ఎందుకు మాడతాయని వాడిని అడగండి. జవాబు వెంటనే చెప్పకపోయినా ఫరవాలేదు. రెండు రోజుల్లో ఎవరినో అడిగి, ఏదో పుస్తకం తిరగేసి, కాగితం మీద బొమ్మ గీసుకొని మీ దగ్గరికి వస్తే, మొదటి ఆప్షన్‌గా ఎలక్ట్రికల్ పెట్టడానికి వెనుకాడకండి.