సూర్యుణ్ణి చూడబోతున్న అబ్బాయికి

చిరంజీవి కార్తీక్‌కు,

ఆశీస్సులు. సూర్యుణ్ణి హైడ్రోజన్ ఎర్రని వెలుగులో మాత్రమే చూపించే హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోప్ ఏది కొనాలి, దానికి కెమెరా ఏది పెట్టాలి అని అడిగావు. రెండూ చెబుతాను. కానీ ఆ రెండూ ఇప్పుడే కొనవద్దన్నది నా మొదటి మాట. నీ దగ్గర ఉన్న 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్, అంటే కటకాల టెలిస్కోప్, చాలు. దానికి ఎండను తగ్గించే పలుచని ఫిల్టర్, మంచి సోలార్ ఫిల్మ్ ఒకటి తెప్పించుకుని కొన్ని నెలలు కంటితోనే చూడు. కన్ను పట్టుకోవడం నేర్చుకోని వివరాన్ని కెమెరా తెచ్చినా నువ్వు గుర్తుపట్టలేవు.

కంటి విషయం ముందు తేల్చేద్దాం. రెటీనాకు నొప్పి తెలియదు. టెలిస్కోప్ కూడగట్టిన ఎండ దాన్ని కాల్చేస్తున్నా నీకు ఏమీ అనిపించదు, చూపులో మచ్చ పడిందని కొన్ని గంటల తర్వాత గానీ తెలియదు. అందుకే ఫిల్టర్ ఎప్పుడూ టెలిస్కోప్ ముందు మూతికే ఉండాలి, వెలుగు లోపలికి అడుగుపెట్టకముందే తగ్గిపోవాలి. పాతకాలపు చిన్న టెలిస్కోపులతో పాటు ఐపీస్‌కు, అంటే కన్ను పెట్టి చూసే కటకానికి, మరతో బిగించే నల్ల గాజు బిళ్ల ఒకటి వచ్చేది. కూడుకున్న వేడి అంతా దాని మీద పడుతుంది, చూస్తుండగానే పగులుతుంది. అలాంటిది ఎక్కడ కనబడినా సుత్తితో పగలగొట్టి పారేయి. దాచిపెడితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వాడతారు.

ఫిల్మ్ కొనేటప్పుడు దాని మీద ఉన్న అంకె చూడు. కంటితో చూడడానికి పనికొచ్చేది సాంద్రత 5 ఉన్నది, అంటే వెలుగులో లక్షో వంతు మాత్రమే లోపలికి పంపేది. 3.8 అని ఉన్నది కెమెరా కోసమే, దాని గుండా కంటితో చూడకూడదు. ఫిల్మ్‌ను చట్రంలో డోలు తోలులా బిగించి లాగకు. ముడతలు ఉన్నా బొమ్మ చెడదు, లాగితేనే చెడుతుంది. వాడే ప్రతిసారీ గదిలో బల్బుకు ఎదురుగా పట్టి సూదిమొన చిల్లులు, గీతలు ఉన్నాయేమో చూసుకో. టెలిస్కోప్‌కు తొడిగాక టేపు వేసి తీరాలి, గాలి ఒక్కసారి విసిరితే చాలు ఊడివస్తుంది. గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న టెలిస్కోప్, ఫైండర్‌ను విప్పి పెట్టెలో పెట్టేయి. దాని మూత ఎవరైనా పిల్లవాడు సరదాగా తీస్తాడు. మరి సూర్యుణ్ణి ఎలా పట్టుకోవాలంటే, నేల మీద పడే గొట్టం నీడను చూడు. అది ఎంత చిన్నదయితే గురి అంత దగ్గరపడినట్టు. నీడ గుండ్రంగా మారేసరికి సూర్యుడు ఐపీస్‌లోకి వచ్చేస్తాడు.

తెల్ల కాగితం మీదికి ప్రతిబింబాన్ని పడేయడం కూడా మంచి పద్ధతే, పదిమంది కలిసి చూడవచ్చు. చిన్న రిఫ్రాక్టర్‌తోనే చెయ్యి. అద్దాలు, కటకాలు కలిసిన పొట్టి టెలిస్కోపులతో చేస్తే లోపల వేడెక్కి పాడవుతాయి, ప్లాస్టిక్ ఐపీస్ కరిగిపోతుంది. దాన్ని వదిలి పక్కకు వెళ్లకు. వెలుగులో ఎక్కువ భాగాన్ని పక్కకు పంపేసే గాజు పట్టకం, హెర్షెల్ వెడ్జ్ గురించి కూడా వింటావు. అది ఫిల్మ్ కంటే స్పష్టమైన బొమ్మ ఇస్తుంది, కానీ రిఫ్రాక్టర్‌కే పనికొస్తుంది, దానితో పాటు ఇచ్చే అదనపు ఫిల్టర్ లేకుండా వాడకూడదు.

ఇక చూడడం. మొదటి రోజు నీకు తెల్లటి బిళ్ల, దాని మీద నాలుగు నల్ల చుక్కలు కనిపిస్తాయి. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. అక్కడే కూర్చో. తల మీద ముదురు రంగు గుడ్డ కప్పుకుంటే కంటి పక్కల నుంచి వచ్చే వెలుగు ఆగి, వివరం బాగా తెలుస్తుంది. కాసేపటికి మచ్చ నడుమ నల్లని ప్రచ్ఛాయ, చుట్టూ బూడిదరంగు ఉపచ్ఛాయ విడివిడిగా కనిపిస్తాయి. ఆ నలుపు నిజమైన నలుపు కాదు. చుట్టుపక్కల ఉపరితలం దాదాపు 5500 డిగ్రీల సెల్సియస్ ఉంటే, మచ్చ నడిమి భాగం అంతకంటే వెయ్యి, రెండు వేల డిగ్రీలు చల్లన, అంతే. బలమైన అయస్కాంత క్షేత్రం లోపలి వేడిని పైకి రానివ్వదు. మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ హేల్ కనిపెట్టాడు. అంచు వైపు చూస్తే బిళ్ల మసకబారుతుంది, ఆ మసకలోనే ఫాక్యులే అనే తెల్లటి చారలు తేలతాయి. గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో ఉపరితలమంతా సన్నని రవ్వ పోసినట్టు కనిపిస్తుంది. ఒక్కొక్క రవ్వ సుమారు వెయ్యి కిలోమీటర్ల వెడల్పున్న వేడి వాయువు బుడగ. పుట్టిన కొన్ని నిమిషాలకే అణగిపోతుంది.

చూసినదాన్ని గీయి. 15 సెంటీమీటర్ల వృత్తం చాలు. దిక్కులు తెలియడానికి టెలిస్కోప్‌ను సూర్యుడి వెంట తిప్పే మౌంట్ మోటారు ఆపెయ్యి. సూర్యుడు ఏ వైపు జారిపోతాడో, ముందు నడిచే ఆ అంచే పడమర. రోజూ గీస్తే మచ్చలు తూర్పు అంచు నుంచి పడమటి అంచుకు నడవడం నీ కాగితాల మీదే కనబడుతుంది. మన వైపు నుంచి చూస్తే ఒక చుట్టు సుమారు 27 రోజులు. 1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త రిచర్డ్ కారింగ్టన్ ఇలాగే మచ్చలు గీసుకుంటూ ఉండగా రెండు తెల్లటి మెరుపులు కనిపించాయి. చరిత్రకెక్కిన మొదటి సౌరజ్వాల అదే. సాక్షి కోసం ఎవరినో పిలవడానికి పరుగెత్తి నిమిషంలోపే తిరిగివచ్చేసరికి అది అప్పటికే చల్లారుతోంది. ఇంట్లో వాళ్లను పిలవాలంటే కూర్చున్నచోటి నుంచే కేకెయ్యి.

ఈ అలవాటు పడ్డాక హైడ్రోజన్ ఆల్ఫాకు వెళ్లు. 656.28 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్ వెలువరించే ఎర్రని గీత అది. ఆ ఒక్క గీతను మాత్రం రానిచ్చి మిగతా వెలుగంతా ఆపేసే ఫిల్టర్‌లో ముఖ్యమైన భాగాన్ని ఎటలాన్ అంటారు. చిన్న టెలిస్కోపులలో అది రానిచ్చే వెలుగు పట్టీ వెడల్పు ఒక ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటర్‌లో పదో వంతు) కంటే తక్కువ ఉంటుంది. 0.7 ఆంగ్‌స్ట్రామ్ ఉంటే అంచున ఎగసే వాయు తోరణాలు, అంటే ప్రామినెన్సులు, చక్కగా కనిపిస్తాయి. ఉపరితలం మీది వివరం కావాలంటే 0.5 చేరాలి, దానికి రెండు ఎటలాన్లు జతచేస్తారు. 40 మిల్లీమీటర్ల కొరొనాడో పీఎస్‌టీ లాంటి చిన్నదానితోనే ఎందరో మొదలుపెట్టారు, నువ్వూ పెట్టవచ్చు. పూర్వం ప్రామినెన్సులు సంపూర్ణ గ్రహణంలో తప్ప కనిపించేవి కావు. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని గుంటూరులో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, ప్రామినెన్సుల వర్ణపట గీతలు అంత ప్రకాశంగా ఉన్నప్పుడు గ్రహణంతో పనేముందని మర్నాడే, వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శిని గుండా పట్టపగలు చూశాడు. నీ ఎటలాన్ చేసేది అదే పని.

దాన్ని శ్రుతి చేయడమే కొత్తవాళ్లను విసిగించేది. బిళ్ల మీద నల్లటి దారంలాంటి ఫిలమెంట్ ఒకదాన్ని ఎంచుకో. ట్యూనింగ్ వలయాన్ని వెంట్రుకవాసి తిప్పి ఆగు, చూడు, మళ్లీ తిప్పు. ఒక దశలో ఆ దారం ముదిరి, దాని చుట్టూ ఉన్న ఉపరితలం నూలు అల్లికలా తేలుతుంది. కొంచెం దాటి తిప్పావంటే అన్నీ చప్పబడతాయి. అలా దాటినప్పుడు కూడా ఏదైనా ఫిలమెంట్ స్పష్టంగా నిలబడితే అది మన వైపో, అవతలి వైపో కదులుతున్నట్టు లెక్క. డాప్లర్ ప్రభావం వల్ల దాని గీత పక్కకు జరిగింది. ఒకే ఎటలాన్ ఉన్నవాటిలో బిళ్లంతా ఒక్కసారి శ్రుతిలో ఉండదు. వస్తువు పాడయిందని అమ్మినవాళ్ల మీద విరుచుకుపడకు, చూడదలచుకున్న భాగాన్ని బాగున్న చోటికి జరుపుకో.

కాల్షియం వెలుగు గీత, కాల్షియం కే గురించి ఒక్క మాట. 393.4 నానోమీటర్ల ఆ ఊదా వెలుగు నా వయసు కళ్లకు దాదాపు కనిపించదు. అది కెమెరా వ్యవహారం.

కెమెరా మోనోక్రోమ్ (నలుపు తెలుపుది) తీసుకో. రంగుల సెన్సర్‌లో నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే ఎరుపును పట్టుకుంటుంది, మిగతా మూడూ హైడ్రోజన్ వెలుగులో ఖాళీగా కూర్చుంటాయి. బిళ్ల మొత్తం ఒక్క ఫ్రేములో రావాలంటే సెన్సర్ సైజు చూసుకో. 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి సూర్యుడి ప్రతిబింబం 9 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది, 400కు 3.7. ఒక్క ఫోటో కాదు, వీడియో తీయాలి. కొద్ది మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్‌తో వేలాది ఫ్రేములు, నిమిషానికి మించకుండా. అంతకు మించితే ప్రామినెన్సే కదిలిపోతుంది. ఆటోస్టాకర్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ వాటిలో గాలి నిలకడగా ఉన్న క్షణాలవి ఏరి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. పదో వంతు ఉంచుకుంటే చాలు. బిళ్లకు ఒక ఎక్స్‌పోజర్, ప్రామినెన్సులకు అంతకంటే ఎక్కువది, విడివిడిగా తియ్యి. చీకటి, వెలుగు చారలు అడ్డంగా వస్తే అవి సూర్యుడివి కావు, సెన్సర్ గాజు దగ్గర పుట్టే న్యూటన్ వలయాలు. కెమెరాను కాస్త వాల్చే అడాప్టర్ పెడితే పోతాయి.

వీటన్నిటికంటే పెద్దది గాలి. పగటిపూట పెద్ద టెలిస్కోప్ వల్ల పెద్ద లాభం ఉండదు. పొద్దు కొంచెం పైకి వచ్చి నేల ఇంకా వేడెక్కని ఉదయపు వేళ మంచిది. సిమెంటు, డాబా వద్దు, పచ్చిక మంచిది, నీటి ఒడ్డు ఇంకా మంచిది.

ఫోటోలకు పదును పెట్టడంలో మాత్రం నేను చాదస్తుణ్ణే. ఉపరితలం పురుగులు పాకుతున్నట్టు, అంచు చుట్టూ తెల్లని గీత గీసినట్టు కనబడితే అది సాఫ్ట్‌వేర్ వేసిన ముగ్గు, సూర్యుడిది కాదు. నారింజ రంగు వేసుకో, బిళ్లను తిరగేసి నెగటివ్‌లా చూపించుకో, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే అలా చేశానని కింద రాయి.

ప్రతి పరిశీలన దగ్గరా తేదీ, అంతర్జాతీయ సమయం, గాలి ఎలా ఉందో రాసిపెట్టు. మచ్చలను కూడా లెక్కపెట్టు. గుంపుల సంఖ్యను పదితో గుణించి, విడి మచ్చల సంఖ్య కలపాలి. మూడు గుంపుల్లో మొత్తం 11 మచ్చలుంటే 41. స్విస్ ఖగోళ శాస్త్రవేత్త రుడాల్ఫ్ వుల్ఫ్ పెట్టిన ఈ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. కొన్నేళ్లు రాస్తే, మచ్చలు పెరిగి తగ్గే 11 ఏళ్ల చక్రంలో ఏ చోట ఉన్నామో నీ పుస్తకమే చెబుతుంది.

ఫిల్మ్ వచ్చాక మొదట గీసిన బొమ్మ నాకు పంపు. పెన్సిల్‌దే, ఫోటో వద్దు. పడమర ఎటో గుర్తు పెట్టడం మరచిపోకు. కిందటిసారి నువ్వు పంపిన చంద్రుడి బొమ్మను ఎటు పట్టుకుని చూడాలో తెలియక నేనూ మీ పెద్దమ్మా చాలాసేపు వాదించుకున్నాం.

ఇట్లు,
మీ పెదనాన్న