వెడల్పు స్కీలు కొనబోయే చిట్టితల్లికి

కర్నూలు

చి. చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం. మీ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. గుల్‌మర్గ్ నుంచి నువ్వు పంపిన ఫోటోలను రెండు రోజులుగా తిరగేసి తిరగేసి చూస్తున్నాను. అందులో ఒకటి మనసులోంచి పోవడం లేదు. అఫర్వత్ కొండ వాలు మీద తొడల లోతు మంచులో నిలబడి, స్కీల కొనలు ఎక్కడ కూరుకుపోయాయో తెలియక కిందికి చూస్తున్నావు. ముఖంలో అలసట కనిపిస్తోంది. ఆ అలసట నాకు బాగా తెలుసు. అక్కడి సైనిక శిక్షణ పాఠశాలలో కుర్రాళ్లకు స్కీయింగ్ నేర్పిన ఏళ్లలో ప్రతి శీతాకాలం ఎవరో ఒకరి ముఖంలో దాన్ని చూసేవాణ్ణి.

పాత స్కీలు అమ్మేసి 116 మిల్లీమీటర్ల వెడల్పువి కొనమంటావా అని అడిగావు. వెడల్పువి కొను, అంత వెడల్పువి వద్దు, పాతవి అమ్మవద్దు. ఇదీ నా మాట. ఎందుకో వివరంగా రాస్తాను, తీరిగ్గా చదువు.

2009 అక్టోబరు వరద నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నువ్వు ఐదో తరగతి. తుంగభద్ర నీళ్లు తీశాక మన సందు నిండా ఒండ్రు మట్టి పేరుకుంది. అడుగు వేస్తే పిక్కల దాకా దిగబడేది. మీ నాన్న, నేను వంటింటి తలుపు ఊడదీసి దాని మీద పరిచాం. ఇద్దరం బియ్యం బస్తాతో ఎక్కి నిలబడినా ఆ తలుపు దిగబడలేదు. కానీ సందు మలుపు తిప్పాల్సి వచ్చేసరికి దాన్ని లాగలేక, ఎత్తలేక నడుములు పడిపోయాయి. చివరికి అటక మీది పలకలు రెండు తీసుకున్నాం. అవి కాస్త దిగబడేవి, కానీ చేతికి లొంగేవి. ఆ రోజంతా పని జరిగింది ఆ పలకలతోనే. స్కీ వెడల్పు విషయంలో నేను చెప్పబోయేదంతా ఆ తలుపుకీ పలకకీ మధ్య ఉన్న తేడాయే.

స్కీ మధ్యలో, బూటు నిలిచే చోట ఉండే వెడల్పును నడుము అంటాం. నీ పాత జత నడుము 78 మిల్లీమీటర్లు. యంత్రాలతో చదును చేసిన వాలు మీద అది హాయిగా ఉంటుంది. ఒక అంచు మీద నుంచి మరో అంచు మీదికి ఇట్టే ఒరుగుతుంది, గట్టి మంచును పట్టి కోస్తుంది. ఎవరూ తొక్కని మెత్తటి మంచులో దిగితే మాత్రం నీ బరువును మోయడానికి దానికి చాలినంత చోటు ఉండదు. ముందు కొన లోపలికి దూరుతుంది. అది దూరకుండా నువ్వు వెనక్కి వాలతావు. వాలితే తొడలు మండిపోతాయి, స్కీ మాట వినదు. ఫోటోలో నీకు జరిగింది ఇదే. ఇందులో నీ తప్పేమీ లేదు.

నడుము 100 మిల్లీమీటర్లు ఉన్నది తీసుకుంటే అక్కడి వెడల్పు నాలుగో వంతు కంటే ఎక్కువే పెరుగుతుంది. దాంతో పాటు ఇప్పటి స్కీలలో ముందు కొన చాలా దూరం నుంచే పైకి లేచి ఉంటుంది. దీన్ని రాకర్ అంటారు. కొన మంచు కిందికి పోకుండా పైకి తేలేది వెడల్పు వల్ల ఎంతో, ఈ లేపు వల్ల కూడా అంతే. అందుకే దుకాణంలో వెడల్పు అంకె ఒక్కటే చూసి మురిసిపోకు. రెండు స్కీలనూ అడుగుకు అడుగు ఆనించి పట్టుకుని పక్క నుంచి చూడు. మధ్యలో సన్నటి సందు కనిపించాలి. అది కాంబర్, గట్టి మంచు మీద పట్టు ఇచ్చే విల్లు వంపు. ముందు వైపు రెండు స్కీలూ కొనకు చాలా దూరం నుంచే విడిపోతూ ఉండాలి. తోక కొద్దిగా లేచి ఉంటే చాలు. నీలాంటి మధ్యస్థ స్థాయి వాళ్లకు ఈ ఆకారం సరిపోతుంది.

ఇవన్నీ నా కాలంలో లేవు. 1980ల చివర ఆస్ట్రియాలో ఆటమిక్ కంపెనీకి పనిచేసే రూపర్ట్ హ్యూబర్ స్నోబోర్డును చూసి, వెడల్పు స్కీ చేయవచ్చని రుజువు చేశాడు. ఆ తర్వాత షేన్ మెకాంకీ అనే స్కీయర్ నీటి స్కీల నుంచి ఆలోచన తీసుకుని, మధ్యలో కిందికి వంగి రెండు కొనలూ పైకి లేచే స్కీని 2000ల మొదట్లో తయారు చేయించాడు. మంచు గట్టి నేల కాదు, నీటికి దగ్గరి వస్తువు అని అతను పట్టుకున్న సంగతి ఈ రోజు ప్రతి దుకాణంలోనూ కనిపిస్తోంది. మేము రెండు మీటర్ల పొడవున్న సన్నటి, నిటారు స్కీలతోనే అదే మంచులో దిగేవాళ్లం. దిగగలిగాం, నిజమే. అలా దిగడం గొప్పని మాత్రం అనను. నీ మోకాళ్లు నీకు నలభై ఏళ్లు పనికిరావాలి.

మరి 116 ఎందుకు వద్దంటున్నానంటే, నువ్వు వెళ్లేది ఏడాదికి పది రోజులు. డిసెంబరు 21న మొదలయ్యే చిల్లై కలాన్ అనే గడ్డు చలి నలభై రోజుల్లో మంచు పొడిగా, పిండిలా ఉంటుంది, నిజమే. నీకు సెలవులు దొరికేది మాత్రం ఎక్కువగా ఫిబ్రవరి చివర, మార్చిలో. అప్పటికి మధ్యాహ్నం ఎండకు పై పొర కరిగి, రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నే పెంకులా ఉంటుంది. ఆ పెంకు మీద మరీ వెడల్పు స్కీని అంచు మీద నిలబెట్టడానికి మోకాలు మీద మెలిక పడుతుంది. బూటు కింద నుంచి అంచు ఎంత దూరం జరిగితే ఆ మెలిక అంత పెరుగుతుంది. ప్రతి మలుపులోనూ పడుతుంది. సాయంత్రానికి అది నొప్పిగా తెలుస్తుంది. నీ ఎత్తుకు, బరువుకు 98 నుంచి 102 మధ్య నడుము చాలు. నువ్వు సన్నగా ఉంటావు, మునిగేది కూడా తక్కువే. ఎంత వెడల్పు కావాలో బరువును బట్టి చూసుకోవాలి, పక్కవాళ్ల స్కీలను చూసి కాదు. అక్కడ 120లు వేసుకు తిరిగే విదేశీయుల్లో చాలామంది నీకంటే ముప్పై కిలోలు ఎక్కువ ఉంటారు.

పొడవు సంగతి. ఇప్పటిది 154 సెంటీమీటర్లు. ముందు కొన లేచి ఉన్న స్కీలో ఆ భాగం గట్టి మంచు మీద నేలను తాకదు, కాబట్టి అదే పొడవు తీసుకుంటే పొట్టి స్కీ తొక్కినట్టే ఉంటుంది. 164, 166 దగ్గర చూడు. మొదటి రోజు పొడవు అనిపిస్తుంది, రెండో రోజుకు మరిచిపోతావు.

కొనే ముందు అక్కడే అద్దెకు తీసుకుని ఒక రోజు 100, ఒక రోజు 110 తొక్కి చూడు. ఒకే వాలు మీద, ఒకే వేళలో చూడు. పొద్దున పెంకు మీద ఒకసారి, మధ్యాహ్నం మెత్తబడ్డాక ఒకసారి. నేను కాగితం మీద రాసినదాని కంటే నీ కాళ్లు చెప్పేదే సరైనది.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగుల గురించి జాగ్రత్తగా విను. పాత బైండింగు విప్పి కొత్త స్కీకి బిగించేద్దాం అనుకుంటావేమో, కుదరదు. ఊడిన స్కీ జారిపోకుండా ఆపే దాని బ్రేకు చేతులు 85 మిల్లీమీటర్ల స్కీ కోసం చేసినవి, 100 నడుమును దాటి కిందికి దిగవు. కొత్తది తీసుకునేటప్పుడు బ్రేకు స్కీ నడుము కంటే వెడల్పుగా ఉండాలి, తేడా 15 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే ఒరిగినప్పుడు అది మంచును గీరుతుంది. నీ బూటు అడుగు ఏ రకమో కూడా చూపించి అడుగు. నడవడానికి వీలుగా చేసిన గ్రిప్‌వాక్ అడుగుకు అన్ని బైండింగులూ పనికిరావు.

పడినప్పుడు ఎంత బలానికి బైండింగు బూటును వదలాలో చెప్పే విడుదల అంకెను, డిన్ అంటారు కదా, నీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నీ స్థాయి చూసి లెక్కకట్టి పెడతారు. దాన్ని నీ చేత్తో పెంచవద్దు. మెత్తటి మంచులో స్కీ ఊడిపోతోందని విసుగొచ్చి ఒకసారి నేను నా బైండింగును రెండు అంకెలు బిగించుకున్నాను. మరునాడు ఊడాల్సిన చోట ఊడలేదు. నా ఎడమ మోకాలు ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఆ రోజును గుర్తుచేస్తుంది. ఊడిపోయిన స్కీ మంచులో దొరకదన్న భయం ఉంటే వేరే ఉపాయం ఉంది. రెండు మీటర్ల ఎర్ర రిబ్బను ఒక్కో బైండింగుకు కట్టి, మిగతాది పాంటు అంచు లోపలికి దోపుకో. స్కీ లోపలికి పోయినా రిబ్బను కొస పైన కనిపిస్తుంది. మెత్తటి మంచులో బ్రేకు దేన్నీ ఆపదు. ఒక కుర్రాడి స్కీ కోసం నలుగురం గంటన్నర తవ్విన రోజు కూడా ఉంది.

స్కీలతోనే కొండ ఎక్కడానికి వీలైన తేలిక బైండింగుల మీద నీకు మనసు పోయిందని మీ నాన్న చెప్పాడు. ఈసారికి వద్దు. తీగ మీద నడిచే గొండోలా రెండో దశ నిన్ను దాదాపు 3,950 మీటర్ల ఎత్తున దింపుతుంది. ముందు అక్కడి నుంచి బాగా దిగడం నేర్చుకో. వెనక్కి జారకుండా స్కీల అడుగున చర్మాలనే పట్టీలు అంటించుకుని ఎక్కే రోజు వచ్చినప్పుడు చూద్దాం.

డబ్బు చాలకపోతే ఏది ముందు అని అడుగుతావు. బూట్లు. నీవి పాతవి కొన్నవి, వయసు పన్నెండేళ్లు దాటింది. ఆ ప్లాస్టిక్ పైకి బాగానే కనిపిస్తూ లోపల పెళుసెక్కుతుంది, వేడిలో దాచితే ఇంకా తొందరగా. ఒకరోజు చలిలో మడమ దగ్గర పగులుతుంది. కాలు బూటులో కదులుతుంటే ఎంత మంచి స్కీ అయినా చెప్పినట్టు తిరగదు.

ఇక అసలు భయం రాస్తాను. సన్న స్కీలతో నువ్వు వెళ్లలేకపోయిన చోట్లకు వెడల్పు స్కీలు నిన్ను తీసుకుపోతాయి. తాడు కట్టిన హద్దు దాటి, ఎవరూ తొక్కని వాలు నిన్ను పిలుస్తుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే మంచు చరియలు ఎక్కువగా విరుగుతాయి. స్కీయింగ్‌కు మనకు అన్నిటికంటే ఇష్టమైన వాలులూ అవే. 2010 ఫిబ్రవరి 8న గుల్‌మర్గ్ దగ్గరి ఖిలన్‌మర్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు చరియ కింద పోయారు. వాళ్లు మంచును తెలియనివాళ్లు కాదు. 2023లో, 2024లో అదే అఫర్వత్ కొండ మీద విదేశీ స్కీయర్లు చనిపోయారు. ఆ వార్త చదివిన ప్రతిసారీ నేను ముందు నీకు ఫోన్ చేస్తాను, నీకు తెలుసు.

కాబట్టి స్కీలకు డబ్బు కట్టే రోజే మంచు కింద పడ్డవాళ్లను సంకేతంతో వెతికే ట్రాన్సీవర్, పార, మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ ప్రోబ్ కూడా కొనాలి. ఈ మూడూ లేకుండా వెడల్పు స్కీ కొనడానికి నేను ఒప్పుకోను. ట్రాన్సీవర్ ఏ కంపెనీదైనా ఒకే 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, ఏది కొన్నా పక్కవాళ్లదానితో మాట్లాడుతుంది. దాన్ని కోటు జేబులో కాదు, లోపలి చొక్కా మీద పట్టీతో కట్టుకో. ఫోను దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు అయితే 50. మంచు కింద పడ్డవాళ్లను పదిహేను నిమిషాల లోపు బయటికి తీస్తే చాలామంది బతుకుతారు, ఆ తర్వాత ఆశ వేగంగా తరిగిపోతుంది. కింది నుంచి సహాయం వచ్చేసరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే నిన్ను తీయాల్సింది నీ పక్కన ఉన్న స్నేహితురాలే. ఆమె దగ్గర కూడా ఈ మూడూ ఉండాలి, వాడడం వచ్చి ఉండాలి. బెంగళూరులో మీ పార్కులో ఒక ట్రాన్సీవర్‌ను ఆకుల కింద దాచి, వారానికి ఒకసారి వెతకడం సాధన చేయండి. వాలు మీద ఒకరు దిగాక ఒకరు దిగండి. రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ వాళ్ల మంచు చరియల హెచ్చరిక ఆ రోజు ఎలా ఉందో పొద్దున్నే చూడు. ప్రమాదం ఎక్కువ అంటే చదును చేసిన వాలు మీదే ఉండిపో. పాత స్కీలు అమ్మవద్దన్నది అలాంటి రోజు కోసమే. కొత్తవి గదిలో పెట్టి 78లు వేసుకున్నావంటే, హద్దు దాటాలన్న కోరిక సగం అక్కడే ఆగిపోతుంది.

మార్చిలో తిరిగి వచ్చాక రెండు జతలూ కర్నూలు తీసుకురా. మీ బెంగళూరు ఇంటి బాల్కనీలో తడికి అంచులు తుప్పు పడుతున్నాయని నీ ఫోటోలోనే కనిపించింది. ఇక్కడ మే నెల ఎండకు మేడ మీది రేకుల గదిలో అయితే పెట్టను. కింద పడమటింట్లో, మంచం కింద చల్లగా ఉంటుంది. అడుగుకు మైనం మందంగా కరిగించి పూసి, గీకకుండా అలాగే వదిలేసి, అంచుల మీద కూడా ఒక పూత వేస్తే డిసెంబరు దాకా భయం లేదు. ఆవిరి రంధ్రాలు లేని పాత ఇస్త్రీపెట్టె అలమారలో ఉంది. మైనం ముద్దలు రెండు మాత్రం నువ్వు పట్టుకురా, ఇక్కడ దొరకవు.

నీ బూటు అడుగు మీద మిల్లీమీటర్లలో ఒక అంకె ముద్రించి ఉంటుంది. అది చూసి ఫోన్‌లో చెప్పు.

ఇట్లు
పెదనాన్న