బాకీ కాలమ్ తీసేస్తేనే లెక్క కుదురుతుంది

ప్రశ్న: మా ఊళ్లో సిమెంటు, ఇనుము దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఐటమ్ టేబుల్‌లో ‘నిల్వ’, కస్టమర్ టేబుల్‌లో ‘బాకీ’ కాలమ్‌లు పెట్టాను. బిల్లు కొట్టినప్పుడల్లా అవి మారతాయి. మేస్త్రీలు విడతలుగా డబ్బు కట్టినా, మిగిలిన బస్తాలు వాపసు తెచ్చినా లెక్క తప్పుతోంది. ఎక్కడ సరిచేయాలి?

జవాబు: ఆ రెండు కాలమ్‌ల దగ్గరే. నిల్వ, బాకీ అనేవి జరిగిన పనుల్ని కూడి, తీసివేసి చూస్తే తేలే అంకెలు. వాటిని విడిగా రాసిపెడితే ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాయి. నిల్వ 40 బస్తాలు ఉందనుకోండి. రెండు కౌంటర్లూ ఒకేసారి 40 చదివాయి. ఒకటి 10 అమ్మి 30 అని రాసింది, వెంటనే రెండోది 5 అమ్మి 35 అని రాసింది. గోడౌన్‌లో ఉన్నవి 25. ఈ తేడా ఎలా వచ్చిందో చెప్పే ఆధారం మీ డేటాబేస్‌లో ఎక్కడా మిగలదు.

దీనికి ఆర్‌ఈఏ (రిసోర్సెస్, ఈవెంట్స్, ఏజెంట్స్) నమూనా చక్కగా సరిపోతుంది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ అకౌంటింగ్ ప్రొఫెసర్ విలియం మెకార్తీ 1982లో ప్రతిపాదించారు. ఇందులో మూడే రకాలు: వనరులు (సిమెంటు, డబ్బు), ఘటనలు (సరుకు ఇవ్వడం, డబ్బు పుచ్చుకోవడం), వ్యక్తులు (మేస్త్రీ, కౌంటర్లో గుమాస్తా). అసలు కీలకం ఘటనల జతలో ఉంది. సరుకు బయటికి వెళ్లిందంటే, దానికి బదులుగా ఏదో ఒకటి లోపలికి రావాలి. వచ్చినంత మేర జత కుదురుతుంది, రానిదే బాకీ.

మీ మేస్త్రీ లెక్కే తీసుకుందాం. పాత బిల్లు రూ.9,000. కొత్తగా 40 బస్తాలు, ఒక్కోటి రూ.350 చొప్పున రూ.14,000. యూపీఐలో రూ.10,000 పంపాడు, 6 బస్తాలు వాపసు తెచ్చాడు. జమ టేబుల్‌లో బిల్లు నంబరు కాలమ్ ఒక్కటే పెడితే ఈ పదివేలు ఇరుక్కుపోతాయి, ఎందుకంటే అవి రెండు బిల్లులకు చెందుతాయి. మధ్యలో ‘సర్దుబాటు’ టేబుల్ పెట్టండి: జమ ఐడీ, అమ్మకం ఐడీ, మొత్తం. ఒక వరుసలో 9,000, ఇంకో వరుసలో 1,000. వాపసు రూ.2,100 మరో ఘటన, అదీ కొత్త బిల్లుకే సర్దుబాటు. ఇక బాకీ క్వెరీలోనే (డేటాబేస్‌ను అడిగి లెక్క రాబట్టే ఆదేశం) తేలుతుంది: రూ.10,900. మొత్తాలను పైసల్లో, పూర్ణాంకాలుగా దాచండి.

ముందే డబ్బు కట్టి 100 బస్తాలు మాట్లాడుకుని, రోజుకు 20 చొప్పున ఎత్తుకెళ్లేవాళ్లు ఉంటారు. ఆర్డరు అంటే ఇచ్చిన మాట మాత్రమే, దానికి వేరే టేబుల్ ఉండాలి. నిల్వ తగ్గాల్సింది సరుకు గేటు దాటినప్పుడే. చాలా సాఫ్ట్‌వేర్లు బిల్లు కొట్టగానే తగ్గించేస్తాయి, గోడౌన్ లెక్కకూ కంప్యూటర్ లెక్కకూ పొంతన చెడేది అక్కడే.

ధర, పన్ను శాతం ఐటమ్ టేబుల్ నుంచి కాపీ చేసి బిల్లు వరుసలోనే దాచండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. శాతాన్ని ఐటమ్‌లోనే ఉంచితే ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింట్ తీసినప్పుడు పన్ను మారిపోతుంది. ఆ బిల్లు సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోటు కూడా పాత శాతంతోనే ఇవ్వాలి.

తప్పు పడిన ఎంట్రీని డిలీట్ చేయనివ్వకండి, ఎదురు ఎంట్రీ వేయించండి. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్పుల చిట్టా తప్పనిసరి కూడా.

క్వెరీ నెమ్మదిస్తుందేమోనని భయపడొద్దు. కస్టమర్ ఐడీ, తేదీ మీద ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉంటే లక్షల వరుసలైనా ఒక దుకాణానికి ఇబ్బంది ఉండదు. పాత డేటాకు ఒకరోజు దుకాణం మూశాక బస్తాలు లెక్కపెట్టి, ఆ అంకెను ‘ప్రారంభ నిల్వ’ ఘటనగా వేయండి. బాకీలకూ అలాగే, కాకపోతే ఒక్కో మేస్త్రీతో సరిచూసుకున్నాకే.

ప్రశ్న: ఇలాంటి పనికి బీపీఎంఎన్ (పని జరిగే క్రమాన్ని గుర్తులతో చూపే పద్ధతి) బొమ్మలు గీయమంటున్నారు. అవసరమా?

జవాబు: ఏ పని తర్వాత ఏది, ఎవరి అనుమతి కావాలి అన్నది చూపడానికి బీపీఎంఎన్ బాగుంటుంది. ఏం దాచాలో అది చెప్పదు. చిన్న దుకాణానికి ముందు కాగితం మీద ఘటనలన్నీ రాసి, ప్రతిదాని పక్కన దాని జత రాయండి. జత దొరకని ఘటన కనిపిస్తే, ఉదాహరణకు పగిలి గడ్డకట్టిన బస్తాలు, దానికి స్క్రీన్ పెట్టడం మీరు మరిచిపోయారన్నమాట.