పియర్ మీద స్లాబ్ ఎంత పనిచేస్తుంది?

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన లెక్క కాగితాలు అందాయి. వంతెన పియర్ (స్తంభం) మీద టాప్ స్లాబ్‌లో చేతి లెక్కకు వచ్చిన స్ట్రెస్ (ఒక్కో చదరపు కొలతకు పడే బలం) కన్నా కంప్యూటర్ మోడల్‌లో వెబ్ (స్లాబ్ కింది నిలువు గోడ) దగ్గర బాగా ఎక్కువ వచ్చిందనీ, మోడల్‌లో తప్పెక్కడుందో అంతు చిక్కడం లేదనీ రాశావు. తప్పు మోడల్‌లో లేదు. స్లాబ్ వెడల్పంతా ఒకే తీరున పనిచేస్తుందని చేతి లెక్కలో నువ్వు అనుకోవడమే ఆ తేడాకు కారణం.

ఫ్లాంజ్‌లోకి, అంటే వెబ్ మీదున్న ఆ స్లాబ్‌లోకి, బలం నేరుగా రాదు. వెబ్ అంచు నుంచి షియర్ (పక్కపక్క భాగాలను ఒకదాని మీద ఒకటి జరిపే బలం) రూపంలో పాకుతూ రావాలి, ఆ క్రమంలో స్లాబ్ తన తలంలోనే కొంత జరుగుతుంది కాబట్టి వెబ్‌కు దూరంగా ఉన్న కాంక్రీటు తన వాటా అందుకోవడంలో వెనకబడుతుంది. షియర్ ల్యాగ్ అంటే ఇదే. ఇంట్లో మంగళగిరి కండువా ఉంటే ఒక కొసను వెడల్పంతా తలుపు సందులో బిగించి, రెండో కొసను రెండు మూలల్లో మాత్రమే పట్టుకొని లాగి చూడు. అంచుల వెంబడి నూలు బిర్రుగా నిలుస్తుంది, నీ చేతుల మధ్య బట్ట వదులుగా వేలాడుతుంది, తలుపు వైపు పోయేకొద్దీ ఆ వదులు తగ్గుతుంది. అదే కండువాను పొట్టిగా పట్టి లాగితే వదులు తలుపు దాకా పోతుంది. అందుకే వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, అది ఎంత పొడవున లాగబడుతోందో కూడా చూడాలి.

కాంక్రీటు వంతెనలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన నియమావళి ఐఆర్‌సీ 112 ఈ సంగతినే అంకెల్లో పెట్టింది. వెబ్‌కు ఒక పక్కనున్న స్లాబ్ వెడల్పులో 0.2 వంతు, మూమెంట్ (వంచే ప్రభావం) సున్నా అయ్యే చోట్ల మధ్య దూరంలో 0.1 వంతు కలిపితే ఆ పక్కన పనిచేసే వెడల్పు వస్తుంది. అది ఆ దూరంలో 0.2 వంతును గానీ, అసలు వెడల్పును గానీ మించకూడదు. నీ వంతెనలో స్పాన్లు (పియర్‌కూ పియర్‌కూ మధ్య దూరాలు) 40 మీటర్లు, వెబ్‌ల మధ్య ఖాళీ 6 మీటర్లు, కాబట్టి ఒక్కో వెబ్ వాటా 3 మీటర్లు. లోపలి స్పాన్ మధ్యలో, మూమెంట్ సున్నా అయ్యే చోట్ల మధ్య దూరం స్పాన్‌లో 0.7 వంతు, అంటే 28 మీటర్లు, 0.6, 2.8 కలిపితే 3.4 వస్తుంది కనుక 3 మీటర్లూ పనిచేస్తాయి. పియర్ మీద అది అటూ ఇటూ ఉన్న రెండు స్పాన్ల మొత్తంలో 0.15 వంతు, అంటే 12 మీటర్లే; 0.6, 1.2 కలిపితే 1.8. స్పాన్ మధ్య నుంచి 20 మీటర్లు నడిచేసరికి స్లాబ్‌లో 40 శాతం సెలవు పెట్టేసిందన్న మాట! ఫ్లాంజ్ మోసే బలం మారకపోతే వెబ్ దగ్గర స్ట్రెస్ సగటుకు 1.67 రెట్లు ఉంటుంది.

ఈ తగ్గించిన వెడల్పు వంపు లెక్కకే. ప్రీస్ట్రెస్ (లాగి బిగించిన ఉక్కు తీగల ఒత్తిడి) నుంచి వచ్చే అక్షబలం యాంకరేజ్‌కు (ఆ తీగలను బిగించే చోటుకు) తగినంత దూరం పోయాక స్లాబ్ అంతటా పరుచుకుంటుంది కనుక, దానికి పూర్తి సెక్షన్ (అడ్డుకోత) వాడు. ఈ రెంటినీ కలగాపులగం చేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక పొరపాటు చేశాను. పియర్ మీద టాప్ స్లాబ్ కమ్ములను వెడల్పంతా సమాన దూరంలో పరిచి డ్రాయింగ్ ఇచ్చాను, స్టీలు మొత్తం సరిపోయింది కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు. తరువాత తనిఖీకి వెళితే వెబ్‌ల నెత్తిన మాత్రమే, వంతెనకు అడ్డంగా, వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించాయి. నడిమి స్లాబ్ శుభ్రంగా ఉంది. అంతిమ స్థితిలో (కూలబోయే ముందు) స్టీలు యీల్డ్ అయి, అంటే సాగిపోయి, బలం సర్దుకుంటుందని నేను ధీమా పడ్డాను గానీ, పగుళ్ల లెక్కకు ఆ వెసులుబాటు లేదు. నువ్వు కమ్ములను వెబ్‌ల పైన దగ్గరగా, నడుమ పలుచగా పెట్టు.

మోడల్‌లో వెబ్‌కూ స్లాబ్ నడుముకూ మధ్య ఒకటి రెండు ఎలిమెంట్లతో (మోడల్‌ను విడగొట్టే చిన్న ముక్కలతో) సరిపెట్టకు. వెబ్, స్లాబ్ కలిసే కూడలిలో ఒక్క నోడ్ (ముక్కలు కలిసే బిందువు) దగ్గరి అంకెను నమ్మకుండా, స్లాబ్ వెడల్పంతా స్ట్రెస్‌ను కూడి మొత్తం బలం సరిచూడు. కాంటిలివర్ పద్ధతి (పియర్ నుంచి రెండు వైపులా చాచుకుంటూ కట్టడం) పని చేతికొస్తే ఇంకో చిక్కు ఉంది: పరుచుకున్న బరువు కింద కొస వైపు పోయేకొద్దీ స్లాబ్ నడిమి స్ట్రెస్ వెబ్ దగ్గరి దాన్ని మించవచ్చు. పలావు దేశంలో 1977లో కట్టిన 241 మీటర్ల స్పాన్ కోరోర్ వంతెన అంచనాను ఎంతో మించి కుంగి, మరమ్మతు తరువాత 1996లో కూలింది. ఆ కుంగుబాటులో క్రీప్‌తో (బరువు కింద కాంక్రీటు ఏళ్ల తరబడి మెల్లగా రూపు మారడంతో) పాటు షియర్ ల్యాగ్ వాటా కూడా ఉందని పరిశోధకుడు బజాంట్ బృందం తేల్చింది.

ఆదివారం ఇటు వస్తే కనకదుర్గ ఫ్లైఓవర్ కింద నిలబడి పైకి చూద్దాం. నడుమ వెన్నెముకలాంటి పెట్టె, రెండు పక్కలా చాచిన రెక్కలు. ఆ రెక్కలో ఎంత మేర పొడవు దిశలో పనిచేస్తుందో అక్కడే నీ చేత లెక్క కట్టిస్తాను. ఈలోగా పియర్ దగ్గర 1.8 మీటర్లతో సెక్షన్ మాడ్యులస్ (వంపును సెక్షన్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) తిరిగి కట్టి, కంప్యూటర్ అంకెకు ఎంత దగ్గరికి వచ్చావో రాయి.

నీ మామయ్య