గేజి ముల్లు పైకెక్కితే గ్యాసు పెరిగినట్టా?

ప్రశ్న: మాది కావలి. రొయ్య పిల్లల హేచరీలో ప్యాకింగ్ పని చూస్తాను. తెల్లవారుజామున 100 చూపిన ఆక్సిజన్ సిలిండర్ గేజి మధ్యాహ్నం ఎండలో 107 చూపింది. వాల్వు ఎవరూ ముట్టుకోలేదు. గ్యాసు పెరిగిందా? మిగిలినదానితో ఎన్ని కవర్లు నింపవచ్చో లెక్క ఎలా కట్టాలి?

జవాబు: పెరగలేదు. లోపల పొద్దున ఎన్ని అణువులున్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయి. వేడికి వాటి వేగం పెరిగి గోడలను గట్టిగా కొడుతున్నాయి, అంతే. మూసిన సిలిండర్‌లో పీడనం పరమ ఉష్ణోగ్రతకు తగ్గట్టు పెరుగుతుంది. అది తెలియాలంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపి చూడండి. పొద్దున 27 ఉంటే 300, ఎండలో సిలిండర్ 48కి కాగితే 321. అంటే ఏడు శాతం ఎక్కువ. మీ ముల్లు జరిగిందీ అంతే. స్టాకు ఎప్పుడూ చల్లపూట, నీడలో చూసి రాసుకోండి.

ఇక కవర్ల లెక్క. ఉష్ణోగ్రత, పీడనం ఒకటే అయితే ఏ వాయువైనా సమాన ఘనపరిమాణంలో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో ప్రతిపాదించాడు. అణువు చిన్నదా పెద్దదా అన్న పట్టింపు లేదు. మామూలు గాలిలో అణువుల మధ్య ఎడం అణువు వెడల్పుకు దాదాపు పది రెట్లు, చోటంతా ఖాళీయే మరి. అందుకే పీడనం వంద రెట్లయితే అదే చోట సుమారు వంద రెట్ల అణువులు పడతాయి. పెద్ద సిలిండర్‌లో చోటు 46.7 లీటర్లు. గేజి 100 ఉంటే, అంటే లోపలి పీడనం బయటి గాలికి సుమారు వంద రెట్లుంటే, బయటికొచ్చేది 4,670 లీటర్లు. కవరుకు 10 లీటర్ల చొప్పున 467 కవర్లు. ఇది కాగితం మీది లెక్క. ట్యూబు దగ్గర పోయేది, అడుగున మిగిలేది తీసేసి 420కి మించి ఒప్పుకోకండి. వంటగ్యాసుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. బండలో ఉండేది ద్రవం, దానికి తూకమే దారి.

అసలు నష్టం జరిగేది కవరు దగ్గర. మూడో వంతు నీళ్లు, పిల్లలు పోశాక కవరును నీటిమట్టం దాకా నొక్కి, గాలంతా పోయాకే ఆక్సిజన్ ట్యూబు పెట్టాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. పది లీటర్ల చోటులో సగం గాలే మిగిలితే పిల్లలకు దక్కేది ఆరు లీటర్లు. చేత్తో తడిమితే తేడా తెలియదు, రెండు కవర్లూ ఒకేలా బిర్రుగా ఉంటాయి. మొత్తం అణువుల సంఖ్య ఒకటే కదా! దూరపు లోడులో ముందు దెబ్బతినేది ఈ సగం గాలి కవర్లే.

మరీ బిర్రుగానూ కట్టకండి. 24 డిగ్రీల నీళ్లతో కట్టిన కవరు దారిలో 36కి వేడెక్కితే లోపలి వాయువు నాలుగు శాతం ఉబ్బుతుంది. రబ్బరు బ్యాండు వేశాక బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి దిగాలి.