భుజం దగ్గర మొదలుపెట్టు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

జనవరిలో గ్లాస్గో వెళ్తున్నావనీ, కోటు ఇక్కడే కుట్టించుకుంటావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమో! కానీ "కాస్త ఒళ్ళు తగ్గాక కొలతలిస్తాను" అన్నావట. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఫోను చేస్తే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. కోటు కోసం ఒళ్ళు తగ్గడం ఏమిటే? ఈరోజున్న ఒంటికే కొలతలివ్వు. తగ్గితే పక్క కుట్లు లోపలికి వేయించుకోవచ్చు.

నీది మీ అమ్మ తీరే. సన్నని భుజాలు, నిండైన ఛాతీ, పొట్టి. దుకాణంలో ఛాతీకి పట్టే కోటు కొంటే భుజాలు జారిపోతాయి, భుజాలకు సరిపోయేది కొంటే బొత్తాలు పట్టవు. కుట్టించుకోవడమే మంచిది.

మీ అమ్మ కోటు సంగతి నీకెప్పుడూ చెప్పి ఉండదు. మీ నాన్నకు నేవీలో ఢిల్లీ బదిలీ అయింది. అప్పటికి నేను జాకెట్లు కుట్టడమే గాని కోటు ముట్టుకోలేదు. పేరున్న టైలరుకే ఇచ్చాం. ఆయన ఛాతీ కొలత పట్టుకుని ఆ లెక్కన కోటంతా పెంచేశాడు. భుజం కుట్టు చేతి మీదికి దిగిపోయింది. చంక దగ్గర పట్టేస్తోందని మా చెల్లి అంటే, ఇంకాస్త లోతుగా కోసి "ఇక హాయిగా ఉంటుందమ్మా" అన్నాడు. జరిగేది దానికి తలకిందులు. చంక ఎంత కిందికి దిగితే, చెయ్యెత్తినప్పుడు కోటు అంత పైకి లేస్తుంది. ఢిల్లీ బస్సులో పై కడ్డీ పట్టుకోబోతే అంచు నడుము దాకా వచ్చేసేదట. పిచ్చిది ఆ చలికాలమంతా స్వెటరు మీద శాలువా కప్పుకుని, దగ్గుతూ గడిపింది. నాకేమని రాసిందో తెలుసా? "కోటు బాగానే ఉందక్కా, నా ఒళ్ళే బాగాలేదు." ఆ ఉత్తరం పట్టుకుని కొట్టుకెళ్ళి ఆయనను నాలుగు దులిపాను. కోటు కుట్టడం నేర్చుకున్నది ఆ కోపంతోనే.

కాబట్టి టైలరు మాస్టరుకు ముందు భుజం చూపించు. ఎముక చివరనే కుట్టు రావాలి. ఛాతీకి కావలసిన వెడల్పూ పొడవూ ప్రిన్సెస్ కట్‌లో, అంటే ఛాతీ మీదుగా నిలువుగా దిగే కుట్టులో, ముందు ముక్కల్లోనే పెంచాలి. వీపు ముక్క జోలికి పోవద్దను. చంక పైకే ఉండనివ్వు. ఒక బొత్తాం సరిగ్గా ఛాతీ నిండుగా ఉన్నచోట పడాలి, మిగతావి దాన్నిబట్టి సర్దాలి. లేకపోతే అక్కడే నోరు తెరుస్తుంది.

కొలతలకు స్వెటరు తొడుక్కుని వెళ్ళు. ఈ ఉక్కపోతలో చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ. ముందు కోరా గుడ్డతో నమూనా కోటు ఒకటి కుట్టించి, కూర్చుని చూడు, చేతులు ముందుకు చాచి చూడు.

గుడ్డ కోటుకని నేసిన మందపాటి ఉన్నిదే కావాలి, సూటు గుడ్డ వద్దు. జగదాంబ వైపు దొరక్కపోతే హైదరాబాదు నుంచి తెప్పించుకో. కోసే ముందు తడిగుడ్డ పరిచి ఆవిరి పట్టేలా ఇస్త్రీ చేయించు, ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది. లైనింగుకు వీపు మధ్య ఒక మడత వదలమను. అది లేకపోతే చెయ్యి చాచినప్పుడల్లా అక్కడే లాగి చిరుగుతుంది. పొట్టివాళ్ళకు మోకాలి పైకి ఉంటేనే అందమంటారు. నేనైతే మోకాలు కప్పమంటాను. ఆ చలికి నీ అందంతో పనిలేదు.

సన్నగా కనిపిస్తానని నలుపు మాత్రం తీసుకోకు. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుందట. నల్లకోటుతో రోడ్డు దాటుతుంటే కారు నడిపేవాడికి ఎలా కనిపిస్తావు? రాత్రి ఈ ఆలోచనకే మెలకువ వచ్చింది. మిరపపండు ఎరుపు తీసుకో తల్లీ, నీ రంగుకు నప్పుతుంది కూడా.

ఆదివారం కోరా కోటు పట్టుకుని అమ్మతో కలిసి రా. పిన్నులు పెట్టి నేను చూశాకే ఉన్ని మీద కత్తెర పడాలి. మాస్టరు ఒప్పుకోకపోతే ఆయన ఫోను నంబరు నాకివ్వు.

మీ పెద్దమ్మ
విశాఖపట్నం